పంచాయతీకి సెల్‌ఫోను యాప్: పని మొదలిడుట, తప్పులు పట్టుట

గ్రామమున బడి గది కట్టించునపుడు పునాది త్రవ్విన దినమున పంచాయతీ సభ్యులు పోయి లోతు చూతురు. సిమెంటు ఎంత, ఇసుక ఎంత అని అడుగుదురు. మేస్త్రీ పని తెలిసినవాడే అయినను, తమ కన్నులతో ఒకసారి చూచినగాని బిల్లుపై సంతకము చేయరు. అట్టి సభ్యులే, సెల్‌ఫోనులో పనిచేయు యాప్ ఒకటి పంచాయతీకి తయారు చేయింపవలెనని తీర్మానించిన నాడు, అది తమకు తెలిసిన విద్య కాదని మౌనము వహింతురు. చదువుకొన్న కుర్రవాడు ఏది చూపిన అదే చాలునని తలయూపుదురు. సభ్యులు స్వయముగా యాప్ వ్రాయనక్కరలేదు. పని ఎట్లు మొదలగును, తప్పులు ఎచ్చట దాగును, ఏ వేళ ఏ ప్రశ్న అడుగవలెను అను సంగతులు తెలిసిన చాలును.

నేనెరిగిన ఒక గ్రామములో జరిగిన సంగతి ముందు చెప్పెదను. ఆ తప్పులో నాకును పాలు కలదు. అచ్చటి పంచాయతీ త్రాగునీటి ఫిర్యాదులకై ఒక యాప్ చేయించినది. కుళాయిలో నీరు రాకున్నను, వచ్చిన నీటి రంగు మారినను ఇంటివారు ఫోనులోనే వ్రాసి, ఫొటో జతచేసి పంపవచ్చును. అది కార్యదర్శి కంప్యూటరులో కనబడవలెను. తయారు చేసినవారు ఆ యూరి యువకులే, ఇద్దరు. పరీక్షించి చూచుటకు నన్ను పిలిచిరి. గ్రామసభలో, కంప్యూటరునకు కేబులుతో తగిలించిన ఫోనుపై అంతయు చక్కగా నడిచినది. బాగున్నదని నేనును అంటిని. మరునాడు యాప్‌ను అందరి ఫోనులలో ఎక్కించిరి. తొమ్మిది దినములు గడచినను ఒక్క ఫిర్యాదు రాలేదు. నీటి సరఫరా అంత బాగున్నదా అని సంతోషించినవారును కలరు. పదవ దినమున తూర్పు వీథి నుండి ఒక పెద్దమ్మ సీసాలో పచ్చని నీరు పట్టుకొని పంచాయతీ కార్యాలయమునకు వచ్చినది. “మూడుమార్లు ఫోనులో పంపాను నాయనా. అందింది, ధన్యవాదాలు అని వచ్చింది. మనిషి మాత్రం రాలేదు” అని నిలదీసినది. ఆ వీథి గొట్టము మురుగు కాలువ ప్రక్కన పగిలి యుండెను. కారణము దాని చోట వివరించెదను.

ఒకే వ్రాత, రెండు జాతుల ఫోనులు

యాప్ కావలెనని తీర్మానించుటకు ముందు, ఆ పనికి ప్రభుత్వ యాప్ ఒకటి ఇదివరకే కలదేమో విచారింపవలెను. గ్రామ ప్రణాళికలకు, లెక్కలకు 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ఇ-గ్రామ్ స్వరాజ్‌ను ప్రారంభించినది. ఉన్నదానినే మరల కట్టించుట ఊరిలో చెరువుండగా దాని ప్రక్కనే గుంట త్రవ్వించుట వంటిది. ఊరికి ప్రత్యేకమైన అవసరమేదైన ఉన్నపుడే సొంత యాప్ మాట తలపెట్టవలెను. చిన్న గ్రామమునకు కార్యదర్శి ఫోను నంబరు గోడపై వ్రాయించుటయే చాలునని చెప్పిన సర్పంచి తప్పు చెప్పినట్లు కాదు.

సెల్‌ఫోనులలో ముఖ్యముగా రెండు జాతులు గలవు. గూగుల్ వారి ఆండ్రాయిడ్‌పై నడచునవి ఒక జాతి; యాపిల్ వారి ఐఫోనులు రెండవ జాతి. ఆండ్రాయిడ్ యాప్‌లను కోట్లిన్, జావా భాషలలోను, ఐఫోను యాప్‌లను స్విఫ్ట్ భాషలోను వ్రాయుట వాడుక. ఒకే పనికి రెండు యాప్‌లు వ్రాయించినచో ఖర్చు పెరుగును. ఒకదానిలో దిద్దిన తప్పు రెండవదానిలో మిగిలిపోవుట మరియొక బాధ. దీనిని తప్పించుటకు ఒకసారి వ్రాసి రెండింటిపై నడపు పద్ధతులు వచ్చినవి. ఫేస్‌బుక్ వారు 2015లో రియాక్ట్ నేటివ్‌ను వెలువరించిరి. గూగుల్ వారి ఫ్లట్టర్ మొదటి స్థిర ప్రతి 2018 డిసెంబరులో వచ్చినది. మైక్రోసాఫ్ట్ వారి జామరిన్ ఒకప్పుడు పేరు పొందినదే గాని, 2024 మే 1తో దానికి ఆ సంస్థ మద్దతు ముగిసినది. దానిపై కట్టిన యాప్‌లను వేరొకదానికి మార్చుకొనవలసి వచ్చెను. కావున యువకులు ఏ పనిముట్టు పేరు చెప్పినను, “దానిని నేటికిని సాకుచున్నవారు కలరా?” అని సభ్యులు అడుగవచ్చును. ఈ వ్యాసమున ఫ్లట్టర్‌ను ఉదాహరణముగా తీసికొందము. అది ఉచితము, దానిలో వ్రాయు భాష పేరు డార్ట్.

ఒకసారి వ్రాసిన రెండింటికిని చాలునను మాట ముప్పాతిక పాలు మాత్రమే నిజము. తెరలు, లెక్కలు, మాటలు ఒకటే అయినను, కెమెరాకు, ఇంటర్నెట్టుకు అనుమతి అడుగు తీరు రెండు జాతులకును వేరు. ఐఫోనులో కెమెరా ఎందుకు కావలెనో ఒక వాక్యము ముందుగా వ్రాసిపెట్టనిచో, కెమెరా తెరువబోయిన క్షణముననే యాప్ కూలిపోవును. అంతేగాక ఐఫోను యాప్‌ను కట్టుటకు యాపిల్ వారి మ్యాక్ కంప్యూటరు, దానిలో ఎక్స్‌కోడ్ అను పనిముట్టు తప్పనిసరి. విండోస్ కంప్యూటరుపై ఆండ్రాయిడ్ ప్రతి మాత్రమే కట్టుకొనవచ్చును. గ్రామములలో ఆండ్రాయిడ్ ఫోనులే ఎక్కువ గనుక, మొదటి దినముననే మ్యాక్ కొనుటకు తీర్మానము చేయనక్కరలేదని నా అభిప్రాయము. వ్రాత ఫ్లట్టర్‌లో ఉన్నచో, పట్టణములలోను విదేశములలోను ఉండి ఊరి మంచిచెడ్డలు కనిపెట్టు మనవారికై ఐఫోను ప్రతిని తరువాత కట్టించుకొనవచ్చును.

కంప్యూటరును సిద్ధపరచుట

పనికి ఒక కంప్యూటరు కావలెను. దాని ర్యామ్ 8 జీబీకి తగ్గరాదు. 16 ఉన్నచో పని సుఖముగా సాగును. దానిలో ఫ్లట్టర్‌ను, ఆండ్రాయిడ్ స్టూడియోను ఎక్కింతురు. వ్రాయుటకు విజువల్ స్టూడియో కోడ్‌ను వాడువారు చాల మంది. అటుపిమ్మట “ఫ్లట్టర్ డాక్టర్” అను ఆదేశము ఇచ్చినచో, వైద్యుడు నాడి చూచినట్లు, ఏమి ఉన్నది, ఏమి లేదు అను జాబితా తెరపై వచ్చును. సరిగా ఉన్నవాని ముందు టిక్కు గుర్తు, కొరవ ఉన్నచో ఆశ్చర్యార్థకము, లేనివాని ముందు ఇంటూ గుర్తు కనబడును. ఆండ్రాయిడ్ ఒప్పంద పత్రములకు సమ్మతి తెలుపకుండుట మొదటిసారి అందరు చేయు పొరపాటు. దానినిగూడ ఈ డాక్టరే చెప్పును. సభ్యులు చూడదగిన మొదటి తెర ఇదియే. ఆండ్రాయిడ్ వరుసలో టిక్కు లేనిదే పని మొదలు పెట్టుట పునాది తడిగా ఉండగా గోడ లేపుటయే యగును.

తరువాత “ఫ్లట్టర్ క్రియేట్” అను ఆదేశముతో పనికి ఒక ఫోల్డరు ఏర్పడును. అందు లిబ్ అను భాగమున వ్రాత అంతయు ఉండును. ఆండ్రాయిడ్‌కు ఒక భాగము, ఐఫోనుకు ఒక భాగము వేరువేరుగా ఉండును. పబ్‌స్పెక్ అను ఫైలులో, ఇతరులు వ్రాసిన ఏ ఏ సరుకును వాడుకొనుచున్నామో పట్టీ ఉండును. ఆ పట్టీలో పంక్తి ముందు ఖాళీ ఒకటి ఎక్కువైనను పని ఆగిపోవుట కలదు. దీనితో సగము పూట పోగొట్టుకొన్నవారిలో నేనొకడను.

ఈ ఘట్టమున ఒక సంగతి మరువరాదు. ప్రతి యాప్‌నకు ఇంటిపేరు వంటి ఒక గుర్తింపు పేరు కలదు. ఏమియు చెప్పనిచో “కామ్ డాట్ ఎగ్జాంపుల్” అని మొదలగు పేరు దానంతటదియే పడును. ఆ పేరుతో ఉన్న యాప్‌ను గూగుల్ ప్లే స్టోరు స్వీకరింపదు. ఒకసారి ప్లే స్టోరులో వెలువడిన తరువాత ఆ పేరు మార్చుటకు వీలులేదు. మార్చినచో అది కొత్త యాప్ క్రిందనే లెక్క. కావున గ్రామమునకు తగిన పేరును మొదటనే నిర్ణయించి, తీర్మాన పుస్తకమున ఎక్కించుట మేలు.

వ్రాతను గిట్ అను చిట్టాలో ఉంచవలెను. ఏ దినమున ఏ పంక్తి ఎవరు మార్చిరో అది చెప్పును. నిన్న నడిచినది నేడు చెడినచో నిన్నటి ప్రతికి మరలుటకు దారి అదియొక్కటే. పంచాయతీ లెక్కలలో కొట్టివేతలు కనబడునట్లు ఉంచుటకు, చించివేయుటకు ఎంత భేదమో ఇచ్చటను అంతే.

ఫోనును కేబులుతో తగిలించుట

కంప్యూటరులోనే బొమ్మ ఫోను ఒకటి చూపు ఎమ్యులేటర్ అను సాధనము కలదు. అది కంప్యూటరునకు బరువు. పైగా దానిలో సిగ్నలు తగ్గదు, ఎండ తగిలి తెర మసకబారదు, వ్రేలి చెమట అంటదు. గ్రామమునకు చేయు యాప్‌ను గ్రామస్థుల చేతనున్న వంటి చౌక ఫోనుపైననే పరీక్షించుట నా పద్ధతి.

ఫోను సెట్టింగులలో ఫోను వివరముల క్రింద బిల్డ్ నంబరు అను పంక్తిని ఏడుమార్లు నొక్కినచో, తయారీదారుల సౌకర్యములు అను కొత్త భాగము తెరుచుకొనును. అందు యు.ఎస్.బి. డీబగ్గింగ్‌ను ఆన్ చేయవలెను. కేబులు తగిలించినంతనే, ఈ కంప్యూటరును నమ్మవచ్చునా అని ఫోను అడుగును. సమ్మతింపనిచో కంప్యూటరునకు ఫోను కనబడినను లోనికి పోనీయదు. ఎంత చేసినను ఫోను కనబడనిచో కేబులును మార్చి చూడవలెను. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చు కేబులులు బజారులో విరివిగా గలవు. పని ముగిసిన తరువాత డీబగ్గింగ్‌ను ఆఫ్ చేయుట మరువరాదు.

“ఫ్లట్టర్ రన్” అను ఆదేశముతో యాప్ ఫోనుపైకి ఎక్కును. మొదటిసారి ఆలస్యము సహజము. ఆపై హాట్ రీలోడ్ అను సౌకర్యము కలదు. వేషధారి రంగస్థలముపై ఉండగనే కండువా మార్చినట్లు, యాప్ నడుచుచుండగనే వ్రాతలోని మార్పు తెరపై కనబడును. సగము నింపిన ఫారము చెదరదు. అయితే యాప్ మొదలగునపుడు ఒక్కసారి మాత్రమే జరుగు పనులు దీనివలన మరల జరుగవు. అట్టివి మార్చినపుడు హాట్ రీస్టార్ట్ చేయవలెను. ఆండ్రాయిడ్ భాగములోని అనుమతులు మార్చినచో యాప్‌ను ఆపి మొదటి నుండి కట్టవలెను. మార్పు చేసినను తెరపై రాలేదని కుర్రవాండ్రు తల పట్టుకొనుట కనబడిన, ఈ మూటిలో ఏది చేసితిరని అడుగుడు.

తప్పులు పట్టు విధము

కంప్యూటరు తప్పును ఇంగ్లీషువారు బగ్ అందురు, అనగా పురుగు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 యంత్రమున చిక్కుకొన్న చిమ్మట నొకదానిని తీసి చిట్టా పుస్తకములో అంటించిరి. ఆ మాట అంతకు ముందే ఉన్నను ఆ కథ నిలిచిపోయినది. మంచములో నల్లులు పట్టుటకు దీపము, ఓపిక కావలెను గదా, ఇచ్చటను అంతే.

తప్పు కనబడినంతనే వ్రాతను ఇటునటు మార్చుట తగదు. ముందు ఆ తప్పును మరల రప్పింపగలుగవలెను. ఎవరి ఫోను, ఏ తెర, ఏ బొత్తాము, అప్పుడు సిగ్నలు ఉన్నదా అని వ్రాసికొనవలెను. “పనిచేయుటలేదు” అను ఒక్క మాటతో ఫిర్యాదు చేయు సభ్యుడు, రోగము పేరు చెప్పక మందిమ్మను రోగి వంటివాడు. తప్పు మరల వచ్చినపుడు కంప్యూటరుపై ఎఱ్ఱని అక్షరములు వరుసగా పడును. వానిని చూచి బెదరనక్కరలేదు. మొదటి పంక్తి ఏమి జరిగినదో చెప్పును. క్రింది పంక్తులలో మన లిబ్ ఫోల్డరు పేరు మొదట ఎచ్చట కనబడినదో అచ్చటనే వెదకుట ప్రారంభింపవలెను.

అప్పటికిని తెలియనిచో బ్రేక్‌పాయింట్ పెట్టుదురు. కాలువకు నడుమ తూము మూసి, ఇంతవరకు నీరు ఎంత వచ్చినదో కొలిచినట్లు, వ్రాతలో ఒక పంక్తి వద్ద యాప్‌ను ఆపి, అప్పటికి దానికి తెలిసిన విషయములేవో చూడవచ్చును. ఇంటి నంబరు వచ్చినది, వీథి పేరు రాలేదు అని తేలినచో, తప్పు ఎగువననే ఉన్నది. దిగువన వెదకుట వ్యర్థము.

తెలుగు యాప్‌నకు ప్రత్యేకమైన తప్పులు కొన్ని గలవు. ఇంగ్లీషున నాలుగక్షరముల మాట పట్టు బొత్తాములో “భద్రపరచుము” పట్టదు. మాట తెర అంచు దాటినచో, పరీక్షా రీతిలో ఆ అంచున పసుపు నలుపు చారలు కనబడును. ప్రజల చేతికి ఇచ్చు ప్రతిలో ఆ చారలు రావు. మాట తెగిపోవును, అంతే. పైగా చత్వారము వచ్చిన పెద్దలు ఫోనులో అక్షరములను పెద్దవి చేసికొందురు. అట్టి ఫోను నొకదానిని తెప్పించి ప్రతి తెరయు చూడవలెను. మరియొకటి: “స్త్రీ” అనునది మనకు ఒక అక్షరము. డార్ట్ భాషలో దాని పొడవు అడిగినచో 6 అని చెప్పును. సకారము, తకారము, రేఫ, రెండు పొల్లులు, గుడిదీర్ఘము అన్నియు వేరువేరుగా లెక్కకు వచ్చును. పేరు 20 అక్షరములకు మించరాదని నియమము పెట్టిన యాప్ ఎందరో గ్రామస్థుల పేర్లను సగములో కోసివేయును.

పెద్దమ్మ ఫిర్యాదు ఏమైనది?

ఫ్లట్టర్ యాప్‌ను మూడు రీతులుగా కట్టుదురు. డీబగ్ రీతి పని చేయునప్పటిది. తెర కుడి పై మూల డీబగ్ అను చిన్న పట్టీ దానికి గుర్తు. ఇది నెమ్మదిగా నడుచును గాని తప్పులను బయటపెట్టును. ప్రొఫైల్ రీతి వేగము కొలుచుటకు. రిలీజ్ రీతి ప్రజల చేతికి ఇచ్చునది. హాట్ రీలోడ్ గాని, చారలు గాని ఇందు లేవు.

ఆండ్రాయిడ్ యాప్ తనకు ఏ ఏ అనుమతులు కావలెనో ఒక ప్రకటన ఫైలులో చెప్పుకొనవలెను. ఫ్లట్టర్ ఏర్పరచు ఫోల్డరులో అట్టి ఫైళ్లు మూడు. డీబగ్, ప్రొఫైల్ ఫైళ్లలో ఇంటర్నెట్టు అనుమతి ముందే వ్రాయబడి యుండును. ఏలయన కంప్యూటరుతో మాటలాడుటకు పనిముట్టుకే అది అవసరము. ముఖ్యమైన మూడవ ఫైలులో ఆ పంక్తి ఉండదు. మనమే చేర్చవలెను. ఆ యువకులు చేర్చలేదు. గ్రామసభలో నేను చూచినది డీబగ్ ప్రతి. దానికి ఇంటర్నెట్టు ఉన్నది. ప్రజల ఫోనులలో ఎక్కినది రిలీజ్ ప్రతి, దానికి లేదు. తెర మూల పట్టీ ఉన్నదా యని నేను చూచి యుండిన అప్పుడే తెలిసెడిది.

అంతకంటె పెద్ద తప్పు వేరొకటి కలదు. ఇంటర్నెట్టు లేనపుడు సర్వరు చిరునామా దొరకలేదని యాప్ లోలోన మొరపెట్టినది. వ్రాసినవారు ఆ మొరను పట్టి నోరు నొక్కివేసిరి. యాప్ కూలిపోరాదని వారి ఉద్దేశము. బొత్తాము నొక్కినంతనే ధన్యవాదముల తెర చూపిరి. జాబు పెట్టెలో వేసినవాడు అది చేరినదని చెప్పజాలడు గదా! రిజిస్టరు జాబునకు అందినట్లు సంతకము తిరిగి వచ్చినపుడే చేరినదందుము. అట్లే సర్వరు నుండి ఫిర్యాదు నంబరు వచ్చిన తరువాతనే అందినదని తెరపై చూపవలెను. రానిచో, “ఇంకను పంపబడలేదు” అని స్పష్టముగా చెప్పి, ఫిర్యాదును ఫోనులోనే దాచి, సిగ్నలు వచ్చినపుడు మరల పంపవలెను. కూలిపోయిన యాప్ కన్న అబద్ధమాడిన యాప్ ఎక్కువ కీడు చేసినది.

దిద్దుబాటునకు పట్టిన కాలము ఒక సాయంత్రము. అనుమతి పంక్తి చేర్చుట నిమిషము పని. మిగిలిన కాలమంతయు రెండవ తప్పునకే పోయినది. ఈసారి సభ్యులు కేబులు తీయించి, రిలీజ్ ప్రతిని మూడు వేరువేరు ఫోనులలో ఎక్కించి, తూర్పు వీథి చివరకు నడచి పోయి అచ్చటి నుండి పంపిరి. ఒక ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పంపి, పది నిమిషముల తరువాత తీసి, కార్యదర్శి తెరపై పడినదా యని చూచిరి. ఫిర్యాదు నంబర్లను కాగితముపై వ్రాసి సరిచూచిరి.

తాళము, ఖాతా

రిలీజ్ ప్రతికి ఒక రహస్య తాళముతో ముద్ర వేయుదురు. ఇది పంచాయతీ ముద్ర వంటిదే. యాప్‌ను ప్లే స్టోరు ద్వారా కాక ఫైలుగా చేతులు మార్చి పంచుచున్నచో, ఆ తాళము పోయిన దినమున పాత యాప్‌పై కొత్త ప్రతి ఎక్కదు. ప్రతి ఇంటివారును పాతది తొలగించి మరల ఎక్కించుకొనవలెను. ప్లే స్టోరున నేడు కొత్త యాప్‌ల ముద్ర తాళమును గూగుల్ వారే భద్రపరతురు, మన చేతి తాళము పోయినచో కొత్తది కోరవచ్చును. కాని కోరవలసినవారు ఖాతా గలవారు. ఖాతా కుర్రవాని సొంత పేరున ఉండి, అతడు ఉద్యోగమునకై ఊరు విడిచినచో యాప్ అతని వెంట పోవును. కావున ఖాతా పంచాయతీ పేరననే తెరువవలెను. గూగుల్ వారికి ఒకసారి 25 డాలర్లు, యాపిల్ వారికి ఏటేట 99 డాలర్లు రుసుము. 2023 నవంబరు 13 తరువాత తెరచిన వ్యక్తిగత ఖాతాలకు, కనీసము 12 మంది 14 దినములు వరుసగా పరీక్షించిన పిదపనే యాప్‌ను వెలువరించు నియమముగూడ కలదు.

పరీక్షలకై ఊరివారి నిజమైన ఫోను నంబర్లు, ఆధారు నంబర్లు వాడనీయరాదు. తప్పులు పట్టుటకై వ్రాసిన చిట్టా పంక్తులు తీసివేయనిచో రిలీజ్ ప్రతిలోనూ నడుచును. ఆ చిట్టాలో గ్రామస్థుల వివరములు పడరాదు. పౌరుల వివరములను కాపాడుటకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసినది.

తాళపు ఫైలును, దాని పాస్‌వర్డును గిట్ చిట్టాలో ఎన్నడును ఉంచరాదు. రెండు పెన్‌డ్రైవులలో ప్రతులు తీసి, పాస్‌వర్డును వేరుగా సీలు వేసిన కవరులో పెట్టి, అప్పగించినట్లు రిజిస్టరున సంతకములు తీసికొనవలెను. ఆ గ్రామమున ఒక ప్రతి ఇనుప బీరువాలో జనన మరణ రిజిస్టర్ల ప్రక్కన ఉన్నది. రెండవది సర్పంచి వద్ద.